గొంతు బాగుండాలి, లాగుడు తగ్గకూడదు: బైక్ సైలెన్సర్ ఎంచుకునే పద్ధతి

సైలెన్సర్ మార్చిన రోజు ఏ బండైనా దూసుకుపోతున్నట్టే ఉంటుంది. అందులో సగం మన చెవుల మాయ. ఒకప్పుడు నా సింగిల్ సిలిండర్ బండికి పొట్టి సైలెన్సర్ ఒకటి తగిలించాను. లోపల చిల్లుల గొట్టం, చుట్టూ శబ్దాన్ని మింగే ఉన్ని ప్యాకింగ్ కాస్త, అంతే. పికప్ అదిరిందని నెల రోజులు కనిపించినవాళ్లందరికీ చెప్పుకుని తిరిగాను. ఒకరోజు వెనకాల మనిషిని ఎక్కించుకుని, ఎప్పుడూ మూడో గేర్లో ఎక్కే ఎత్తు మీదికి వెళ్తుంటే బండి సగంలోనే ముక్కింది. రెండో గేర్ వేస్తే గానీ కదల్లేదు. పాత సైలెన్సర్ మళ్లీ బిగించి వెళ్తే అదే ఎత్తు మూడో గేర్లోనే నిమ్మళంగా ఎక్కేసింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట.

ఆ దెబ్బతో నాకు అర్థమైంది ఇది: బండి గొంతు ఇంజన్‌లో పుడుతుంది. కింది ఆర్‌పీఎంలో (ఆర్‌పీఎం అంటే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) లాగుడు చాలావరకు బెండ్ పైపులోనూ, అంటే ఇంజన్ నుంచి సైలెన్సర్ దాకా వంగి వచ్చే గొట్టంలోనూ, మిక్స్చర్‌లోనూ, అంటే పెట్రోలు-గాలి పాళ్లలోనూ ఉంటుంది. ఆ గొంతులో ఏది బయటికి వదలాలి, ఏది లోపలే ఆపాలి అన్నది సైలెన్సర్ తేలుస్తుంది. తప్పుది తగిలిస్తే ఉన్న లాగుడు కూడా పోతుంది.

ఇక్కడ రాసేదంతా ఫోర్-స్ట్రోక్ బళ్ల గురించి. టూ-స్ట్రోక్‌లో ఆ ఉబ్బెత్తు ఎగ్జాస్ట్ ఇంజన్‌లో భాగం లాంటిది. దాని తోక గొట్టం సైజు మారినా పిస్టన్ మీద ప్రభావం పడుతుంది. ఈ పద్ధతితో దాని జోలికి వెళ్లొద్దు.

1. ముందు ఉన్న బండిని కొలవండి

చాలామంది చేయని పని ఇదే. మీరు రోజూ నడిపేది ఏ ఆర్‌పీఎం మధ్యలో? మీటర్ చూసి రాసుకోండి. ట్యాకోమీటర్ లేకపోతే ఏ గేర్లో ఎంత స్పీడు అని రాసుకున్నా చాలు. పవర్ అంటే టార్క్‌ని, అంటే ఇంజన్ తిప్పే బలాన్ని, ఆర్‌పీఎంతో గుణిస్తే వచ్చేది. 3000 ఆర్‌పీఎం దగ్గర 20 న్యూటన్ మీటర్లు ఇచ్చే ఇంజన్ అక్కడ 1 న్యూటన్ మీటర్ పోగొట్టుకుంటే ఆ చోట పవర్ 5 శాతం పోయినట్టే. 8000 దగ్గర ఏదో పెరిగిందని సైలెన్సర్ అట్టపెట్టె మీద రాసి ఉంటే, 4000 దాటని మనిషికి దానితో ఒరిగేదేం లేదు.

తర్వాత ఒక చిన్న టెస్ట్. ట్రాఫిక్ లేని చదునైన రోడ్డు చూసుకోండి. ఫోన్‌ని స్పీడోమీటర్ కనిపించేలా గట్టిగా బిగించి వీడియో పెట్టండి. మూడో గేర్లో 30 కిలోమీటర్ల స్పీడుకి దిగి, థ్రాటిల్ పూర్తిగా తిప్పి, 60 వచ్చేదాకా ఆగండి. క్లచ్ ముట్టుకోవద్దు. ఒకవైపు మూడుసార్లు, ఎదురువైపు మూడుసార్లు చేసి సగటు తీయండి. గాలి, వాలు రెండూ అలా సర్దుకుంటాయి. ట్యాంకులో పెట్రోలు, టైర్లలో గాలి, మీ మీది బరువు కూడా రాసుకోండి. సైలెన్సర్ మార్చాక ఇవన్నీ ఇలాగే ఉండాలి. ఈ అంకె దగ్గర లేకపోతే తర్వాత మీరు చెప్పేదంతా "నాకలా అనిపిస్తోంది" అన్న బాపతే.

2. మీ ఇంజన్ అసలు గొంతు ఏమిటో తెలుసుకోండి

ఫోర్-స్ట్రోక్ సింగిల్ సిలిండర్ ఇంజన్‌లో క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే ఒకసారి పేలుతుంది. 3000 ఆర్‌పీఎంలో సెకనుకు 25 సార్లు. అందుకే ఆ దబదబ. రెండు సిలిండర్లు సమానమైన ఎడంతో పేలితే అదే వేగంలో సెకనుకు 50, నాలుగు సిలిండర్లయితే 100. అది ఇక దబదబలా వినిపించదు, ఒకే కూతలా సాగుతుంది.

రెండు సిలిండర్ల బళ్లలో ఎడం సమానంగా లేకపోతే గొంతుకి లయ వస్తుంది. 45 డిగ్రీల వీ-ట్విన్ (రెండు సిలిండర్లు ఇంగ్లిష్ వీ ఆకారంలో ఉన్నది) క్రాంక్ 315, 405 డిగ్రీలు తిరిగే ఎడంతో పేలుతుంది, అందుకే ఆ కుంటి నడక. 270 డిగ్రీల క్రాంక్ ఉన్న ప్యారలల్ ట్విన్ (సిలిండర్లు పక్కపక్కన ఉన్నది), 90 డిగ్రీల వీ-ట్విన్ రెండూ 270, 450 ఎడంతో పేలుతాయి. వాటి గొంతులు అన్నదమ్ముల్లా ఉండటానికి కారణం అదే. పాతకాలపు 360 డిగ్రీల ట్విన్ సమంగా గుర్రుమంటుంది.

ఈ లయని ఏ సైలెన్సరూ మార్చలేదు. నాలుగు సిలిండర్ల బండికి ఎంత ఖరీదైన సైలెన్సర్ డబ్బా పెట్టినా అది వీ-ట్విన్‌లా దడదడలాడదు. వీడియోలో వేరే బండి మీద విన్న సౌండ్ మీ బండికి వస్తుందనుకుని కొంటే డబ్బు పోయాక టెన్షన్ మిగులుతుంది. మీ ఇంజన్‌నే, వీలైతే మీ మోడల్‌నే వినండి.

3. గొట్టంలో ఏం జరుగుతుందో ఒకసారి చూడండి

కాస్త లోతుగా వెళ్దాం. లాగుడు కథంతా ఇక్కడే ఉంది.

ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే గ్యాస్ తన్నుకొస్తుంది. గ్యాస్ కన్నా ముందు దాని ఒత్తిడి అల పరుగెడుతుంది. 20 డిగ్రీల గాలిలో ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతే, 500 డిగ్రీల వేడి ఎగ్జాస్ట్‌లో సుమారు 550 మీటర్లు పోతుంది. గొట్టం ఒక్కసారిగా వెడల్పయ్యే చోటు, అంటే సైలెన్సర్ మొదటి గది గానీ తెరిచి ఉన్న చివర గానీ, తగలగానే ఆ అల తిరగబడి పీల్చే అలగా వెనక్కి వస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ మూసుకోబోతూ, ఇన్‌టేక్ వాల్వ్ అప్పుడే తెరుచుకుంటూ, రెండూ కాస్త కాస్త తెరిచి ఉండే క్షణం ఒకటుంటుంది. పీల్చే అల ఆ క్షణానికి సిలిండర్‌కి చేరితే మిగిలిపోయిన పొగని లాగేసి కొత్త మిక్స్చర్‌ని లోపలికి రప్పిస్తుంది. దానికి బదులు నెట్టే అల వచ్చిందా, పొగ మళ్లీ సిలిండర్‌లోకే పోతుంది.

లెక్క వేసి చూద్దాం. గొట్టం పొడవు మీటరు అనుకోండి. అల పోయి రావడానికి రెండు మీటర్లు, అంటే సుమారు 3.6 మిల్లీసెకన్లు. 3000 ఆర్‌పీఎంలో ఆ లోపు క్రాంక్ 65 డిగ్రీలు తిరుగుతుంది, 6000లో 131 డిగ్రీలు. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకున్నాక ఆ రెండు వాల్వుల క్షణం రావడానికి క్రాంక్ 200 డిగ్రీల పైనే తిరగాలి. అంటే కింది ఆర్‌పీఎంలో అల మరీ తొందరగా వచ్చేస్తోంది. దాన్ని ఆలస్యం చేయాలంటే దూరం పెరగాలి. కింది లాగుడికి పొడుగు గొట్టం, పై పరుగుకి పొట్టి గొట్టం అనే మాట ఇక్కడిదే. పొట్టిగా నరికేసిన ఎగ్జాస్ట్ పెట్టిన బండి గేర్లో నెమ్మదిగా పోతుంటే ఎందుకు దగ్గుతుందో కూడా దీంతో తెలుస్తుంది.

వెడల్పు సంగతీ అంతే. లోపలి వ్యాసం 38 మి.మీ. ఉన్న పైపు తీసేసి 45 మి.మీ. పైపు పెడితే లోపలి వైశాల్యం 40 శాతం పెరుగుతుంది. అదే గ్యాస్ అందులో దాదాపు 29 శాతం నెమ్మదిగా పోతుంది. పోతున్న గ్యాస్ తన ఊపుతో వెనకున్న దాన్ని లాక్కుపోయే పని కింది ఆర్‌పీఎంలో బలహీనపడుతుంది. వెడల్పు పైపు గరిష్ఠ పవర్ కోసం పరుగెత్తేవాళ్లకి.

"ఇంజన్‌కి బ్యాక్ ప్రెషర్ ఉండాలి, లేకపోతే లాగదు" అనే మాట మీరు వినే ఉంటారు. బ్యాక్ ప్రెషర్ అంటే పొగ దారిలో అడ్డంకి వల్ల వెనక్కి పడే ఒత్తిడి. అడ్డంకి తీసేస్తే లాగుడు తగ్గుతుందన్నది నిజమే, చెప్పిన కారణం తప్పు. ఫోర్-స్ట్రోక్ ఇంజన్‌కి అడ్డంకి వల్ల వచ్చే లాభం ఏమీ లేదు. అడ్డంకి లేని ఫ్రీ-ఫ్లో సైలెన్సర్ పెట్టాక లాగుడు పోవడానికి కారణాలు మూడు: అలల టైమింగ్ చెడటం, గ్యాస్ వేగం తగ్గడం, మిక్స్చర్ లీన్ అవడం, అంటే గాలికి పెట్రోలు చాలకపోవడం. మూడోదాన్ని సరిచేయొచ్చు. మొదటి రెండూ గొట్టంలోనే ఉంటాయి.

అందుకే కింది లాగుడు ముఖ్యమనుకునేవాళ్లకి నా సలహా సూటిగా చెప్తాను: కంపెనీ బెండ్ పైపుని కదపకండి, వెనక డబ్బా ఒక్కటే మార్చండి. దీన్నే స్లిప్-ఆన్ అంటారు. రెండు సిలిండర్ల బండికి రెండు పైపులూ విడివిడిగా ఉంటే వాటిని కలిపే అడ్డపైపుని తీయొద్దు. ఒక్కో సిలిండర్ రెండు సైలెన్సర్లనీ వాడుకునేది దాని పుణ్యమే. తీస్తే మధ్య లాగుడు తగ్గి, గోల పెరుగుతుంది.

కొన్ని బళ్లకి ఎగ్జాస్ట్‌లోనే కేబుల్‌తో తిరిగే వాల్వ్ ఉంటుంది. యమహా 1980ల చివర్లో ఎక్సప్ అనే పేరుతో తెచ్చింది ఇలాంటిదే. కింది ఆర్‌పీఎంలో అది సగం మూసుకుని, తప్పు సమయానికి వచ్చే అలని చెదరగొడుతుంది. ఆ వాల్వ్ పీకేసే డబ్బా కొంటే మీరు కోరుకున్న లాగుడినే పీకేసుకున్నట్టు. వార్నింగ్ లైటు వెలిగితే అది వేరే తలనొప్పి.

4. డబ్బా లోపల ఏముందో చూడండి

సైలెన్సర్లు లోపల ప్రధానంగా రెండు రకాలు. మొదటిది గదుల రకం. గ్యాస్ ఒక గదిలోకి వెళ్లి, గొట్టం గుండా వెనక్కి తిరిగి, ఇంకో గదిలో పడి, చివరికి బయటికొస్తుంది. అలలు గోడలకి కొట్టుకుని ఒకదాన్నొకటి చంపుకుంటాయి. రెండోది ప్యాకింగ్ రకం. నిండా చిల్లులున్న తిన్నని గొట్టం, చుట్టూ గ్లాస్ వూల్ లేదా స్టీల్ వూల్. గ్యాస్ తిన్నగా పోతుంది, శబ్దం చిల్లుల్లోంచి ప్యాకింగ్‌లోకి వెళ్లి వేడిగా మారిపోతుంది.

చెవికి తేడా ఇలా తెలుస్తుంది. ప్యాకింగ్ రకం చెవిని గీరే పైస్థాయి శబ్దాలని బాగా మింగుతుంది, లోతైన దబదబని పెద్దగా పట్టించుకోదు. గుండెకి తగిలే గంభీరమైన గొంతు కావాలంటే ఇదే. గదుల రకం దబదబని కూడా అణచగలదు. బండి మెత్తగా, పొడిపొడిగా వినిపిస్తుంది. కంపెనీ బళ్లకి వచ్చేవి ఎక్కువగా ఇవే, లేదా రెండూ కలిపినవి. గదుల రకాన్ని పాతదని తీసిపారేయకండి. సరైన కొలతలతో చేసిన గదుల సైలెన్సర్ కింది లాగుడిని ప్యాకింగ్ రకం కన్నా బాగా నిలబెట్టడం మామూలే. కంపెనీ ఇంజనీర్లు ఇంజన్‌తో పాటే దాన్నీ కొలిచి చేశారు.

కొనే ముందు వెనక నుంచి టార్చ్ వేసి చూడండి. అవతలి చివర వెలుతురు కనిపిస్తే తిన్నని గొట్టం, గోడ కనిపిస్తే గదులు. తర్వాత వేలి కణుపుతో డబ్బా మీద తట్టండి. మెత్తగా "తప్" మంటే రేకు మందంగానో, ప్యాకింగ్ దట్టంగానో ఉన్నట్టు. "టంగ్" మని మోగి కాసేపు ఆడితే బండి మీద కూడా అదే మోగుతుంది. ఆ డొక్కు మోతని ఎన్ని ట్యూనింగులు చేసినా పోగొట్టలేరు. ఊపితే లోపల ఏదైనా గలగలమంటే అక్కడే పెట్టేసి రండి.

డబ్బా ఘనపరిమాణం కూడా చూడాలి. పెద్ద డబ్బా గ్యాస్‌ని అడ్డుకోకుండానే శబ్దం తగ్గించగలదు. చిన్న డబ్బాకి ఆ చోటు లేదు. అది అరవాలి, లేదా గొంతు నొక్కాలి. అరచేయంత సైలెన్సర్ చూడటానికి ముద్దుగా ఉంటుంది. నేను పడిన గోతిలో మీరూ పడాలనుకుంటే కొనండి.

5. అంకెలు, గుర్తులు

డెసిబెల్ అంకెలు మోసపోయేలా ఉంటాయి. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపు, 10 పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు గట్టిగా వినిపిస్తుంది. 88కి, 94కి పెద్ద తేడా ఏముందిలే అనుకోవద్దు. ఆ అంకె ఎలా కొలిచారో కూడా అడగండి. నిలబెట్టిన బండికి సాధారణంగా ఎగ్జాస్ట్ నోటికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల పక్కన మైకు పెట్టి, నిర్ణీత ఆర్‌పీఎం దగ్గర కొలుస్తారు. వేరే దూరంలో తీసిన అంకెతో దీన్ని పోల్చడం కుదరదు.

విడిగా అమ్మే సైలెన్సర్లకి ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 92వ నంబరు ఉంది. దాని కింద ఆమోదం పొందినవాటి మీద వృత్తంలో ఇంగ్లిష్ ఈ అక్షరం, పక్కన అంకె చెక్కి ఉంటాయి. మీరుండే చోట ఏ నిబంధన ఉందో చూసుకుని, ఆ గుర్తు మీ మోడల్‌కి వర్తిస్తుందో లేదో కాగితం మీద సరిచూసుకోండి. ఎక్కడైనా వాడే ఏ బండికైనా సరిపోతుందని అమ్మేదాన్ని నేను నమ్మను.

నోటి దగ్గర బోల్టుతో బిగించి తీసేలా చిన్న గొట్టం ఉంటే అది శబ్దం తగ్గించే డీబీ కిల్లర్. రోడ్డు మీద దాన్ని ఉంచే నడపండి. సైలెన్సర్‌ని అది బిగించి ఉండగానే వినండి. తీస్తేనే బాగుందనిపించే సైలెన్సర్ మీకు పనికిరానిది. పొగలోని విష వాయువులని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ బెండ్ పైపులో ఉంటే స్లిప్-ఆన్‌తో దానికేం కాదు. కంపెనీ డబ్బా లోపలే ఉంటే మాత్రం డబ్బా మార్చినప్పుడు అదీ పోతుంది. చాలా చోట్ల అది నేరం. కన్వర్టర్ ఉన్న బదులు డబ్బానే వెతకండి.

6. వినే పద్ధతి

ఫోన్ వీడియోలని నమ్మొద్దు. ఫోన్ మైకు గట్టి శబ్దాన్ని తనంతట తానే తగ్గిస్తుంది, మెల్లటిదాన్ని పెంచుతుంది. అందులో రెండు వేరువేరు సైలెన్సర్లు ఒకేలా వినిపిస్తాయి. లోతైన శబ్దం ఫోన్ స్పీకర్లో అసలు పలకదు.

మీ మోడల్‌కే ఆ సైలెన్సర్ బిగించిన బండి ఎవరిదైనా దొరికితే అడిగి వినండి. ఐడిల్‌లో కాదు, మీరు గంటలకొద్దీ పోయే వేగంలో. నిలబడి విన్నప్పుడు ముచ్చటేసే దబదబ, హెల్మెట్ లోపల ఒకే స్థాయిలో గంటసేపు మోగితే తల దిమ్మెక్కుతుంది. అది ఒక్క ఆర్‌పీఎం దగ్గరే వస్తుంది, కాస్త పైకో కిందికో వెళ్తే పోతుంది. మీ ప్రయాణ వేగం సరిగ్గా అక్కడే ఉంటే ఆ డబ్బా వద్దు. వెనక కూర్చునే మనిషి అభిప్రాయం కూడా అడగండి, సైలెన్సర్ నోరు వాళ్ల కాలి దగ్గరే ఉంటుంది.

7. బిగింపు

చల్లారిన బండి మీదే పని మొదలుపెట్టండి. పైపు బయటి వ్యాసం, డబ్బా లోపలి వ్యాసం రెండూ వెర్నియర్ అనే కొలత పరికరంతో కొలవాలి. కంటి అంచనా పనికిరాదు. మధ్యలో రెడ్యూసర్ (రెండు సైజుల గొట్టాలని కలిపే ముక్క) పెట్టాల్సి వస్తే లోపల మెట్టు ఏర్పడకుండా చూసుకోండి. అతుకు దగ్గర గాలి పోకుండా ఆపే పాత గ్యాస్కెట్ మళ్లీ వాడొద్దు. నలిగిన గ్రాఫైట్ రింగు దగ్గర గాలి దూరితే పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని కొలిచే ఆక్సిజన్ సెన్సర్ మిక్స్చర్ లీన్ అయిందని మోసపోవచ్చు, థ్రాటిల్ వదిలినప్పుడు ఎగ్జాస్ట్‌లో టపటపలు కూడా మొదలవుతాయి.

అన్ని బోల్టులూ ముందు వదులుగా పెట్టి, డబ్బా ఏ ఒత్తిడీ లేకుండా తన చోట కూర్చున్నాక ఇంజన్ వైపు నుంచి వెనక్కి బిగించుకుంటూ రండి. బ్రాకెట్‌ని లాగి బలవంతంగా బోల్టు పట్టించారంటే కొన్నాళ్లకి వెల్డింగు చీలుతుంది. వెనక సస్పెన్షన్ పూర్తిగా కిందికి నొక్కి టైరు, స్వింగ్‌ఆర్మ్, బ్రేక్ గొట్టం ఎక్కడా తగలట్లేదని చూడండి. స్టార్ట్ చేసేముందు స్టెయిన్‌లెస్ మీద వేలిముద్రలు స్పిరిట్‌తో తుడవండి. వదిలేస్తే ఆ జిడ్డు మొదటి వేడికే మచ్చగా కాలిపోతుంది. మొదటిసారి నడిపి చల్లారాక బోల్టులు మళ్లీ ఒకసారి.

8. మిక్స్చర్

పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి. ఎక్కువ పవర్ మాత్రం 12.5 నుంచి 13 మధ్య వస్తుంది. ఎగ్జాస్ట్ తెరుచుకుంటే గాలి పెరిగి, మిక్స్చర్ లీన్ వైపు జరగొచ్చు. ఇంజెక్షన్ బండిలో నెమ్మదిగా పోయేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ దీన్ని సర్దుతుంది. థ్రాటిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) సెన్సర్ మాట పక్కనబెట్టి తన పట్టికనే వాడుతుంది. స్లిప్-ఆన్‌కి చాలా బళ్లలో ఇది సరిపోతుంది. పైపు మొత్తం మారిస్తే మ్యాపింగ్, అంటే ఆ పట్టికని మార్పించడం, తప్పదు.

కార్బురేటర్ బండికి లాగుడు మొదలయ్యే చోటే పని ఉంటుంది. పెట్రోలు పాళ్లు తేల్చే భాగాలు ఒక్కో థ్రాటిల్‌కి ఒక్కొక్కటి. పావు థ్రాటిల్ దాకా పైలట్ జెట్, మిక్స్చర్ స్క్రూ. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్. ఆపైన మెయిన్ జెట్. షాపుల్లో చాలామంది నేరుగా మెయిన్ జెట్ పెద్దది వేసేస్తారు, కింద ముక్కుడు అలాగే ఉంటుంది. నీడిల్ క్లిప్‌ని ఒక గాడి కిందికి దించండి. నీడిల్ పైకి లేచి మిక్స్చర్ రిచ్ అవుతుంది, అంటే పెట్రోలు పాలు పెరుగుతుంది. ఒకసారికి ఒక్క మార్పే చేసి, నడిపి చూసి, ఆ తర్వాతే రెండోది.

9. మళ్లీ కొలవండి, తర్వాత చూసుకోండి

ఇప్పుడు అదే రోడ్డు, అదే గేరు, 30 నుంచి 60. చెవుల్లో ఇయర్‌ప్లగ్ పెట్టుకుని చేస్తే ఇంకా మంచిది, సౌండ్ ఊపు మనసుని తప్పుదోవ పట్టించదు. సమయం పాతదాంతో సమానంగా వస్తే ఎంపిక బాగున్నట్టే. స్లిప్-ఆన్‌తో కింద లాభం రాకపోయినా పర్లేదు, నష్టం రాకూడదు. రెండోసారి మిక్స్చర్ సర్దినా పాత అంకె అందకపోతే మొహమాటపడకుండా పాతది బిగించేయండి.

ప్యాకింగ్ రకమైతే నెలనెలా గొంతు మీద చెవి వేసి ఉంచండి. ప్యాకింగ్ కాలిపోయే కొద్దీ శబ్దం పెరిగి, పొడిగా, పగిలినట్టు మారుతుంది. డబ్బా మధ్యలో రంగు మారితే అక్కడ ఉన్ని అయిపోయినట్టే. రివిట్లు తీసి కొత్తది చుట్టేటప్పుడు మరీ కుక్కేయకుండా సమంగా, కాస్త బిగుతుగా చుట్టాలి.

తుప్పు లోపలి నుంచి వస్తుంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు 900 మిల్లీలీటర్ల నీరు పుడుతుంది. బండి బాగా వేడెక్కేలోపే ఆపేస్తుంటే అందులో కొంత డబ్బాలోనే నిలిచిపోతుంది. అడుగున కనిపించే ఆ సన్నటి రంధ్రం నీరు కారడానికే. లీకేజీ అనుకుని వెల్డింగ్ చేయించేవాళ్లని నేను చూశాను.

విప్పిన కంపెనీ సైలెన్సర్‌ని వేడి గాలికి లోపల పూర్తిగా ఆరనిచ్చి, రెండు నోళ్లలో నూనె గుడ్డ కుక్కి, దాని బోల్టులు, వాషర్లు, రబ్బరు బుష్‌లు ఒకే సంచిలో వేసి, దానికే కట్టి దాచండి.